అరికాలిలో నల్లచుక్కలు

నేను పిరికివాణ్ణి. మా ఇంట్లో, మా వీధిలో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఇక్కడ దాచి లాభం లేదు. కొమ్ములు విసిరే కోడెను ముకుతాడు పట్టి ఆపగలను గాని సూదిని చూస్తే కళ్ళు తిరుగుతాయి. చిన్నప్పుడు బళ్ళోకి టీకాలు వేసేవాళ్ళు వస్తున్నారంటే జొన్నచేలో దాక్కునేవాణ్ణి. మా ఆవిడ దీనికి పూర్తిగా వేరు. తేలు కుట్టిన చోట ఉల్లిగడ్డ రుద్దుకుని, కొంగు బిగించి కలుపుకు పోయిన మనిషి. "నీ ధైర్యం ఎవరి దగ్గర కుదువ వెట్టినవయ్యా?" అని నన్ను ఆటపట్టించడం ఆమెకు రోజూ అన్నం తిన్నంత అలవాటు.

మాది మానవపాడు వైపు ఒక ఊరు. నల్లరేగడి భూమి, పత్తి వేస్తాం. వాన పడిందంటే ఆ మట్టి చెప్పులకు పట్టుకుని ఒక్కో చెప్పు ఇటుకంత బరువవుతుంది. అందుకే చెప్పులు గట్టు మీద విడిచి అందరం వట్టికాళ్ళతోనే చేలోకి దిగుతాం. గట్ల నిండా సర్కారు తుమ్మ. కాబట్టి మాకు కాలిలో ఏది గుచ్చుకున్నా ముల్లే. ఇంకో అనుమానమే రాదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ముల్లు తీయించుకోవడం మా దగ్గర స్నానం చేసినంత మామూలు పని.

ఆ ఏడు తొలకరి పడి విత్తనాలు పెట్టే రోజుల్లో నా కుడి అరికాలిలో, మడమకు కాస్త ముందు, ఏదో గుచ్చుకున్నట్టు మొదలైంది. అడుగు వేస్తే చిన్న రాయి మీద కాలు పడినట్టు ఉండేది. సాయంత్రం అరుగు మీద కాలు చాపాను. మా ఆవిడ పుస్తెలతాడుకు పిన్నీసులు ఎప్పుడూ వేలాడుతుంటాయి. ఒకటి విప్పి, కొంగుతో తుడిచి, నా కాలు ఒళ్ళో పెట్టుకుంది. ముల్లు తీయడంలో ఆమెది పేరుమోసిన చెయ్యి. పక్క వీధివాళ్ళు కూడా కుంటుకుంటూ మా అరుగు దాకా వచ్చేవాళ్ళు.

"అగో, కనవడ్తుంది. నల్లగ కొన," అంది.

"లోతుకు పోయిందా?"

"పోతే పోనీ, తీస్త గదా. నువ్వు అటు సూడు."

అటు చూశాను. వేపచెట్టు మీద కాకి ఉంది. నేను పెట్టిన కేకకు కాకి ఎగిరిపోయింది గాని ముల్లు రాలేదు. నెత్తురు వచ్చింది. ఆ తర్వాత వారంలో ఆ చోట చర్మం గట్టిపడి, మధ్యలో ఇంకా కొన్ని నల్లచుక్కలు కనిపించాయి. ముల్లు లోపల ముక్కలైందని మా ఆవిడ తేల్చింది. ముక్కలన్నీ ఏరాలని మళ్ళీ గెలికింది. మళ్ళీ నెత్తురే వచ్చింది.

అదే పిన్నీసుతో తన కాలిలోనూ గెలుక్కుంది. ఆమె ఎడమ పాదంలో, బొటనవేలి కింద మెత్తటి చోట, గట్టిగా ఏదో తగులుతోందట. ముల్లుకూ ముల్లుకూ మధ్య పిన్నీసు మార్చేవాళ్ళను నేను మా ఊళ్ళో ఎక్కడా చూడలేదు. స్నానాల బండ దగ్గర కాళ్ళు రుద్దుకునే గరుకు రాయి కూడా ఇద్దరికీ ఒకటే. ఆమె రుద్దుకున్నాక నేను, నేను రుద్దుకున్నాక ఆమె.

నాకు కాలంటే ఎందుకంత భయమో చెప్పాలి. మా పెదనాయనకు షుగరు ఉండేది. ఆయనకూ అరికాలిలో ఇలాగే గట్టిగా లేస్తే, ఎవరో చెప్పారని జీడిగింజ కాల్చి చురుకు పెట్టించుకున్నాడు. చాకలివాళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టే ఆ నల్ల గింజే. దాని రసం తగిలితే తోలు పొక్కిపోతుంది. ఆయన కాలు పొక్కింది, పుండయింది, పుండు నల్లబడింది. చివరకు కర్నూలు పెద్దాసుపత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు. మంచం పక్కన కూర్చున్నది నేను. మీసాలు అప్పుడప్పుడే వస్తున్న వయసు నాది. ఆయన లేని పాదాన్ని గోక్కోవడానికి చెయ్యి చాపి, ఖాళీ దుప్పటిని తడిమి, నా మొహంలోకి చూసేవాడు. ఆ చూపు తలుచుకుంటే నాకు ఈరోజుకీ ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పటి నుంచి నేను గద్వాలకు పోయినప్పుడల్లా షుగరు పరీక్ష చేయించుకునేవాణ్ణి. సూది గుచ్చుతారని వణుకుతూనే, కళ్ళు మూసుకుని వేలు ఇచ్చేవాణ్ణి. నాకెప్పుడూ లేదనే వచ్చేది. మా ఆవిడకు మాత్రం కొన్నేళ్ళ కిందట ఉందని తేలింది. పొద్దున్నే గోలీ వేసుకుంటుంది. పండగకు బూరె మీద బూరె తింటుంది. అదేమంటే "గోలీ ఉంది గదా," అంటుంది. ఆమె అలా అంటే నాకూ అంతే కదా అనిపించేది.

ముల్లు కాదు, ఆనె అని పక్కింటి ముసలమ్మ ఒకరోజు నా కాలు చూసి చెప్పింది. "జీడి వెడితే మాడి ఊడిపోతది బిడ్డా," అని కూడా అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజు నుంచి నేను వాళ్ళ గుమ్మం ముందు నుంచి నడవడం మానేసి, వెనక సందులోంచి చేనుకు పోయేవాణ్ణి.

ఊళ్ళో ఆర్‌ఎంపీ సారు దగ్గరికి పోయాను. ఆయన టార్చిలైటు వేసి చూసి, "ఏం లేదు, సుట్టు కోసి బొడిపె తీసేస్త. సూది మందిస్త, నీకు తెల్వనే తెల్వదు," అన్నాడు. ఆ సూది మందు ఇవ్వడానికే ఇంత పొడుగు సూది తీశాడు. బోరు మోటరు ఆపకుండా వచ్చానని చెప్పి లేచాను. ఆ వేళప్పుడు ఊళ్ళో కరెంటే లేదని ఆయనకూ తెలుసు.

నాగర్‌కర్నూలు నుంచి మా బామ్మర్ది వచ్చాడు. ఇంట్లోకి వస్తూనే వాడి నడక చూశాను. ఎడమ పాదం అంచు మీద నడుస్తున్నాడు. వాడికీ ఇలాగే అరికాలిలో లేస్తే కరెంటుతో కాల్పించుకున్నాడట.

"చిటపటమంటది బావా. మాంసం కాలిన వాసనొస్తది. గని జరసేపటి పనే."

"ఇంగా నొస్తుందా?"

"ఇప్పుడు అది లేదు. అది కాల్చిన మచ్చ నొస్తది. చలికాలంల జర ఎక్కువ." నా మీద జాలిపడి, "కాల్పించుకునుడు వద్దంటే బల్మూరు దిక్కు ఒకాయన ఆకు పసరు పోస్తడంట, అడిగి చెప్పాల్నా?" అన్నాడు.

ఆకు ఏదో, పసరు ఏం చేస్తుందో వాడికి తెలియదు. తెలియని పసరు కన్నా తెలిసిన కత్తి నయం అనిపించింది. కత్తి కూడా వద్దనిపించింది. ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. తెల్లటి పొగలు వచ్చే మందుతో గడ్డకట్టించేవాళ్ళు, బ్లేడుతో చెక్కేవాళ్ళు, యాసిడు చుక్కలు వేసేవాళ్ళు. ఒకటి చూస్తే దాని కింద ఇంకోటి వచ్చేది. ప్రతిదాంట్లోనూ చివరకు అరికాలిలో ఒక గుంట. అన్నం ముందు కూర్చుంటే ఆ గుంటలే కళ్ళ ముందు తిరిగేవి. ఏం చేసినా చివరికి పెదనాయన మంచంలోనే తేలతానని నాకు గట్టిగా అనిపించేది. ఏమీ చేయకపోయినా అక్కడే తేలతానని ఇంకా గట్టిగా అనిపించేది. పత్తి పూతకు వచ్చింది, కాయకు వచ్చింది. నేను కుంటుతూనే ఉన్నాను.

ఆఖరికి గద్వాలలో మందుల దుకాణంలో ఆనెలకు వేసే పట్టీలు అడిగి తెచ్చాను. చిన్న గుండ్రటి పట్టీ, మధ్యలో మందు. సూది లేదు, కత్తి లేదు, పొగ లేదు. ఇంత మంచి వైద్యం ఉండగా ఎందుకు తిరిగానా అనుకున్నాను. ఇంటికి వచ్చి పెట్టె మీద చూస్తే యాసిడు అన్న మాట ఉంది. చీమతలల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు ఇంకేవో ఉన్నాయి గాని నేను ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. పెట్టెను గూట్లో, దేవుడి పటం వెనక పెట్టేశాను.

కొన్నాళ్ళకు చూస్తే పెట్టె సగం ఖాళీగా ఉంది.

"నేనే వెట్టుకుంటున్న," అంది మా ఆవిడ, పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే. "నువ్వు భయపడి మూలకు వెడితివి. పైసలు వెట్టి తెచ్చింది ఊకె పోవాల్నా? నా కాలికీ గదే లేసింది గదా."

"మంట లేదా?"

"ఏం లేదు."

"చీమ కుట్టినట్టన్నా?"

"చీమ కుట్టినంత గూడ లేదయ్యా. తోలు తెల్లగై మెత్తవడ్డది. ఊడి వస్తది సూడు."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నా కోసం ముందు ఒకరు దిగి లోతు చూసినట్టయింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే అడగడం మొదలుపెట్టాను. నొప్పి ఉందా? లేదు. మంట? లేదు. నడిస్తే? ఏం లేదు. అన్ని వైద్యాలనూ నా తలలో తూకానికి వేస్తే ఈ పట్టీయే బరువు తూగింది. కత్తికి నొప్పి ఉంది, కరెంటుకు నొప్పి ఉంది, జీడికి చెప్పనే అక్కర్లేదు. దీనికి మాత్రం ఏ నొప్పీ లేదు. నా కళ్ళ ముందే, నా సొంత పెళ్ళాం కాలి మీద రుజువైంది.

ధైర్యం చేసి నేనూ ఒకటి అంటించుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి నిప్పు మీద కాలు పెట్టినట్టు మంట. చేలో గట్టు మీద కూలబడి, పట్టీ పీకి, బిందెలో నీళ్ళన్నీ పోసుకున్నాను. పత్తి తీస్తున్న ఆడవాళ్ళు పనాపి చూశారు. మా ఆవిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

"గిదే పట్టీ నేను ఇన్నొద్దుల సంది వెట్టుకుంటలేనా? నీ తోలు మనిషి తోలేనా, మల్లెపువ్వా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే మందు నాకు అంత మండి ఆమెకు చీమ కుట్టినంత కూడా లేకపోవడం ఏమిటని ఒక్కరం కూడా అనుకోలేదు. ఆమెది ధైర్యం, నాది పిరికితనం. మా ఇంట్లో దేనికైనా ఆ ఒక్క జవాబు సరిపోయేది. ఆ మధ్యనే ఒకసారి ఆమె చేను నుంచి ఒక కాలికి చెప్పు లేకుండా ఇంటికి వచ్చింది. చెప్పు దారిలో జారిపోయిందని ఇంటికి వచ్చాక గాని చూసుకోలేదు. దానికీ నవ్వుకున్నాం.

నవ్వు ఆగిపోయింది ఎప్పుడో నాకు బాగా గుర్తుంది. పత్తి తీత అయిపోవచ్చింది. ఆమె స్నానం చేసి తడికాళ్ళతో వసారా బండల మీద నడిచి లోపలికి పోయింది. నేను అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాను. ఎండకు అడుగులన్నీ ఆరిపోయాయి. కానీ ప్రతి ఎడమ అడుగులో, బొటనవేలి కింద, ఒక చుక్క మాత్రం ఆరలేదు. జిగటగా మెరుస్తోంది. ఈగ ఒకటి వచ్చి దాని మీద వాలింది.

"ఏమే, నీ కాలు జర సూపియ్యి," అన్నాను.

"ఏమైంది? కడుక్కున్న గదా, తడి." పట్టీ మీద ఇంకో పట్టీ వేసి చేనుకు పోయింది.

నేను ఆ చుక్కను నీళ్ళు పోసి కడిగాను. నా గుండె ఎందుకు అంతలా కొట్టుకుంటోందో నాకే అర్థం కాలేదు. అప్పటికీ నేను దాన్ని నా కాలి భయమే అనుకున్నాను. పట్టీ వేస్తే పుండవుతుందేమో, మంచిదే, నేను తీసేశాను కదా అనుకున్నాను. గానుగెద్దు గానుగ చుట్టే తిరిగినట్టు మనిషి భయం తన చుట్టే తిరుగుతుంది.

వనపర్తిలో చర్మం డాక్టరమ్మ ఉందని, బాగా చూస్తుందని బామ్మర్ది ఫోను చేసి చెప్పాడు. ఒక్కణ్ణే పోతే మళ్ళీ మోటరు గుర్తొచ్చి తిరిగొస్తానని మా ఆవిడ కూడా బయల్దేరింది. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారాం. కృష్ణ మీద వంతెన దాటుతుంటే ఆమె కిటికీలోంచి చేతులు జోడించి దండం పెట్టింది. "మా ఆయనకు సూది లేకుండ సూడు తల్లీ," అని పైకే అంది. ముందు సీట్లో వాళ్ళు తిరిగి చూసి నవ్వారు.

డాక్టరమ్మ చిన్న వయసామె. ముల్లనుకుని పిన్నీసుతో గెలికామని, గరుకు రాయితో రుద్దామని చెబితే విని, నా కాలు ఎత్తి బల్ల మీద పెట్టించి, ఆ గట్టి చోటును రెండు వేళ్ళతో పక్కల నుంచి నొక్కింది. నేను కేక పెట్టాను.

"పులిపిరి," అంది. "ముల్లు కాదు, ఆనె కాదు. ఆనెను పైనుంచి ఒత్తితే నొప్పి, దీన్ని పక్కలకు పిండితే నొప్పి. ఈ నల్లచుక్కలు ముల్లు ముక్కలు కావు, సన్నటి నెత్తురు నాళాలు. ఇన్నాళ్ళూ గెలికింది వాటినే."

ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని, పిన్నీసూ రాయీ వేరు చేసుకోమని చెప్పింది. తర్వాత ఏమేం చేయొచ్చో ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చింది. రోజూ గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, రుద్ది, మందు చుక్కలు వేసుకోవచ్చు. నెలలు పడుతుంది. చల్లటి గ్యాసుతో గడ్డకట్టించొచ్చు. నొప్పి ఉంటుంది, మళ్ళీ మళ్ళీ రావాలి. కాల్చడం, కోయడం అరికాలిలో ఆమెకు ఇష్టం లేదు. మచ్చ పడితే ఆ మచ్చే జీవితాంతం గుచ్చుకుంటుంది. ఏమీ చేయకపోయినా చాలామందికి ఏడాది రెండేళ్ళలో దానంతట అదే పోతుంది.

"ఏమీ చేయకుండనా మేడం?"  అంత మంచి మాట నేను ఆ ఏడాదిలో వినలేదు.

"షుగరుందా మీకు?"

"లేదు మేడం. పోయిన నెల గూడ చూపించుకున్న."

"అయితే ఏది చేసినా పర్వాలేదు. తొందరేం లేదు."

నాకు లేచి దండం పెట్టాలనిపించింది. బుర్రలోంచి పెద్ద బరువు దిగిపోతే మనిషికి నోరు కూడా తేలికవుతుంది కాబోలు. అడగకపోయినా చెప్పాను. "మా ఆమెకు గూడ ఉండె మేడం. గద్వాల పట్టీలు వేసుకుంది. ఆమెకు చీమ కుట్టినంత నొప్పి గూడ లేదు. నాకే పడలేదు."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆగింది. నా వైపు కాదు, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న మా ఆవిడ వైపు చూసింది.

"అమ్మా, నీకు షుగరుందా?"

"ఉంది మేడం. గోలీ వేసుకుంట గదా."

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. నాకు ఆ చప్పుడు ఒక్కసారిగా పెద్దగా వినిపించింది. కర్నూలు ఆసుపత్రి, ఖాళీ దుప్పటి, పెదనాయన మొహం, అన్నీ కలిసి మీద పడ్డాయి. ఇన్నాళ్ళూ నేను ఆ మంచంలో నన్నే పడుకోబెట్టుకుని చూసుకున్నాను. ఆ మంచం నాది కాదు.

ఆమెను బల్ల ఎక్కించారు. పట్టీ తీశారు. కింద తోలు నానిన బియ్యంలా తెల్లగా ఉంది. డాక్టరమ్మ చిమటాతో దాన్ని పక్కకు లాగితే లోపల గుంట. చీము. నేను గోడకేసి తిరగబోయి, తిరగలేకపోయాను. వేలు పట్టేంత గుంట, అందులో చిమటా ఆడుతోంది, మా ఆవిడ మాత్రం పైకప్పు చూస్తూ, "మావోడు కింద పడ్తడేమో, జర కుర్చీ వెయ్యండమ్మా," అంటోంది.

పుండు కడిగి కట్టు కట్టాక డాక్టరమ్మ సొరుగులోంచి సన్నటి నైలాన్ పోగు ఒకటి తీసింది. "కళ్ళు మూసుకో అమ్మా. పాదానికి నేనెక్కడ ముట్టిస్తే అక్కడ తగిలిందని చెప్పు," అంది.

మా ఆవిడ బుద్ధిగా కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ బొటనవేలి కొన మీద పోగును వంగేదాకా ఒత్తింది. చిటికెన వేలి కింద ఒత్తింది. మధ్యలో ఒత్తింది. మడమ మీద ఒత్తింది. ఇంకో పాదానికి పోయింది. నేను ప్రతి ఒత్తుడుకూ నా పళ్ళు బిగబట్టి, చెప్పు, చెప్పవే, తగిలిందని చెప్పు, అని లోలోపల అరుస్తున్నాను. ఆమె పెదవుల మీద చిన్న నవ్వు ఉంది. పరీక్షలో కూర్చున్న పిల్లలా శ్రద్ధగా ఎదురుచూస్తోంది.

చాలాసేపయ్యాక, కళ్ళు మూసుకునే, మర్యాదగా అడిగింది.

"ఇంగా మొదలువెట్టలేదా మేడం?"

డాక్టరమ్మ పోగును సొరుగులో పెట్టేసింది.  ఆ తర్వాత ఆమె మెల్లగా చెప్పిన మాటలన్నీ నాకు గుర్తున్నాయి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ పోయిందని, యాసిడు తోలును తిన్నా తెలియలేదని, నొప్పి లేకపోవడం ధైర్యం కాదు, జబ్బని. పక్క సందులో కాలికి ఎక్స్‌రే తీయించుకుని రమ్మంది. తెచ్చిన ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "ఎముక దాకా పోలేదు, ఇప్పటికైతే," అంది. ఎముక దాకా పోలేదన్న మాటను మా ఆవిడ ఇంటికి తీసుకెళ్ళింది. ఇప్పటికైతే అన్న మాటను నేను తీసుకెళ్ళాను.

తిరిగొచ్చేటప్పుడు పెబ్బేరులో సంత విడుస్తోంది. అమ్ముడుపోయిన ఎద్దులను లారీల్లోకి ఎక్కిస్తున్నారు. బస్సు చాలాసేపు ఆగిపోయింది. మామూలుగా అయితే ఏ జత బాగుంది, ఏ కోడె కాలు వంకరో ఇద్దరం వాదించుకునేవాళ్ళం. ఆ రోజు ఆమె కట్టు కట్టిన కాలును ఎదుటి సీటు కింద దాచుకుని కూర్చుంది. కాసేపటికి నా మోచేతిని తన మోచేత్తో తాకి, "పెదమామకు గూడ గిట్లనే మొదలైందా?" అని అడిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నన్ను భయంతో అడిగిన మొదటి మాట అది.

"ఆయనది వేరు," అన్నాను. 

చేను కౌలుకు ఇచ్చేశాం. మెత్తటి రబ్బరు చెప్పులు ఇంట్లో కూడా విడవకూడదన్నారు, విడవడం లేదు. పుండు పూడడానికి ఎండాకాలమంతా పట్టింది. కొంచెం పూడేది, మళ్ళీ నీరు కారేది. కట్టు మార్చేది నేనే. సూదిని చూస్తే కళ్ళు తిరిగే నేనే ఇప్పుడు చీము వాసన చూసి పుండు మానుతోందా ముదురుతోందా చెప్పగలను. ధైర్యం వచ్చి కాదు. వేరే దారి లేక. నా కాలిలో పులిపిరి ఏ నెలలో పోయిందో నాకు తెలియదు. ఒకరోజు కాళ్ళు కడుక్కుంటుంటే అక్కడ తోలు నున్నగా ఉంది.

రోజూ పొద్దున్నే, ఎండ అరుగు మీదికి వచ్చాక, ఆమె పాదాలు రెండూ నా ఒళ్ళో పెట్టుకుని చూస్తాను. వేళ్ళ సందులు, మడమ పగుళ్ళు, కొత్త ఎరుపు ఎక్కడైనా ఉందా అని. అంతవరకు డాక్టరమ్మ చెప్పిందే. తర్వాతిది నా సొంతం. చీపురులోంచి సన్నటి పుల్ల ఒకటి విరిచి పెట్టుకున్నాను. కళ్ళు మూసుకొమ్మంటాను. పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. విన్నాను. అయినా అడుగుతాను.

మొదట్లో ఆమె ఉన్నది ఉన్నట్టే చెప్పేది. నేను అన్ని వేళ్ళకూ ముట్టించి, పుల్ల పక్కన పెట్టి, "అయింది, కండ్లు తెరువు," అనేదాకా ఏమీ అనేది కాదు. కళ్ళు తెరిచి నా మొహం చూసేది. ఆ పూట నేను అన్నం సరిగా తినకపోవడం, చాయ్ చల్లారబెట్టుకోవడం చూసేది. ఆటపట్టించడం ఎప్పుడో మానేసింది.

మొన్న ఒకరోజు అలాగే కూర్చున్నాం. ఆమె కళ్ళు మూసుకుంది. ఎండ సూటిగా మొహం మీద పడుతోంది. నేను పుల్ల చేతిలోకి తీసుకుని, ముందు ఏ వేలు అని చూస్తున్నాను.

"ఆఁ, తగిలింది," అంది.

నా చెయ్యి అలాగే ఆగిపోయింది.

"బొటనవేలికి. సన్నగ, చీమ పాకినట్టు," అంది, కళ్ళు తెరవకుండానే. రెప్పలు గట్టిగా బిగించుకుంది.  "మల్లొస్తుంది గదా నాకు? జర తక్కువైనట్టే గదా?"

పుల్ల ఆమె పాదానికి ఇంకా జానెడు దూరంలో ఉంది.

"అవు," అన్నాను. "తక్కువైంది."